రెండున్నర గుర్రాలు

కారు డిక్కీలో మడిచిన పడవ,
దాని మీద పొగగొట్టాలు తోమే ముళ్ల బ్రష్షులు,
పక్కన పాత తువ్వాల్లో చుట్టిన మోటారు, పదమూడు కిలోలు.
రెండున్నర గుర్రాల బలమని కాగితంలో రాశారు.
ఆ అర గుర్రం తలవైపా, తోకవైపా అని అడిగితే
తోకే అయ్యుంటుంది, నీళ్లలో ఉండేది అదే కదా
అన్నాడు అమ్మినవాడు.

సైమా సరస్సు ఒడ్డున, సెప్టెంబరు పొద్దున,
కాలితో పంపు తొక్కుతాను.
మూడు వందల తొక్కులకి
నేల మీద పడున్న బూడిదరంగు తోలు లేచి
పడవవుతుంది.
వేలితో కొడితే డప్పులా మోగాలి.

నీళ్లలోకి తోశాక మళ్లీ మెత్తబడుతుంది.
చలికి లోపలి గాలి ముడుచుకుంటుంది, ఇంకో యాభై తొక్కాలి.
మధ్యాహ్నం ఎండెక్కితే అదే గాలి ఉబ్బుతుంది,
మూత నొక్కి కాస్త వదలాలి.
ముప్ఫై ఏళ్లుగా ఊళ్లో వాళ్ల పొగ చూస్తున్నదాన్ని,
వేడెక్కిన గాలి ఏం చేస్తుందో
ఒకరు చెప్పక్కర్లేదు.

మణికట్టుకి ఎర్ర తాడు: నేను నీళ్లలో పడితే మోటారు ఆగిపోతుంది.
స్టార్టరు లాగాను.
ఒకసారి దగ్గింది, రెండోసారి తిట్టింది,
మూడోసారికి ఒప్పుకుంది.

బ్రష్షులు గోనెలో, గోనె బకెట్లో, బకెట్ ఒళ్లో.
గాలి పడవలో ఇనుప ముళ్లు!
పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకోవడం అంటే ఇదే.

నాలుగు దీవులు అయ్యాయి.
ఐదో దానికి ముందు, రెల్లు పక్కన,
నీళ్ల కింది బండ తప్పించబోయి గట్టిగా తిప్పాను,
బకెట్ ఒరిగింది.
పెద్ద చప్పుడేం లేదు. పళ్ల సందుల్లోంచి ఎవరో ఊదినట్టు
చిన్న ఈల.

బొటనవేలు అదిమాను.
ఒక చేతిలో చుక్కాని, ఒక చేతి కింద ఊపిరి.
మూడు అరల పడవ, ఒకటి పోయినా రెండు మోస్తాయన్నారు.
మోశాయి.
అయినా వేలు తియ్యలేదు.

రేవులో ఒస్మో నిలబడి ఉన్నాడు.
"హెల్కా, నీ పడవ కుంటుతోంది," అన్నాడు.
ఆ వేసవిలో అతను మాట్లాడిన మొదటి మాట అదేనేమో,
గొంతు తుప్పు పట్టి ఉంది.

ముందు పని. నిచ్చెనెక్కి
సౌనా పొగగొట్టంలోకి బ్రష్షు దించాను.
పైకి లాగితే ఒక సాలెగూడు,
ఒక ఎండిన ఆకు.
మసి గుప్పెడైనా లేదు.
ఎన్నాళ్లైందని అడగలేదు. బిల్లు మాత్రం రాశాను.

ఇక చిల్లు. పడవంతా సబ్బు నురగ పూశాను,
ఎక్కడ చెయ్యేస్తే అక్కడ నల్ల మరక.
ఒకచోట బుడగ లేచింది, పగిలింది, మళ్లీ లేచింది.
"అదిగో," అన్నాడు.
మిగిలిన గాలి కూడా తీసేసి, తుడిచి, అతుకు వేశాను.
జిగురు డబ్బా మీద చీమ తలంత అక్షరాలు:
పొడిగా, వెచ్చగా, పన్నెండు గంటలు.
బయట అప్పుడే సన్నగా వాన.
అతను కళ్లద్దాలు తెచ్చుకుని రెండుసార్లు చదివాడు.
ఏమీ అనకుండా వెళ్లి
బర్చ్ కట్టెలు మోసుకొచ్చాడు.

ముందుగది బెంచీ మీద
పడవని వెల్లకిలా పడుకోబెట్టాం, అలిసొచ్చిన చుట్టాన్ని పడుకోబెట్టినట్టు.
చల్లబడిన గొట్టం, మొదట పొగంతా మా మీదికే తిప్పికొట్టింది.
పాత పేపరొకటి కింది మూతలో కాల్చి దారి చూపించాను.
లాగింది.
"పడవ కోసమే కాల్చాం అనుకో," అన్నాడు రాళ్ల మీద నీళ్లు చల్లుతూ,
"వేడి దండగ చేస్తామా?"
వంతులేసుకుని స్నానం చేశాం.
నా కింద పారిన నీళ్లు
చాలాసేపు నల్లగానే ఉన్నాయి.

మర్నాడు మళ్లీ మూడు వందలు.
సగం అతనే తొక్కాడు, రొప్పుతూ, పైకి లెక్కపెడుతూ,
నూట పన్నెండు రెండుసార్లు చెప్పాడు.
వేలితో కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

రెల్లు దాటాక తిరిగి చూస్తే
రేవులో ఎవరూ లేరు.
చెట్ల మీదుగా సన్నగా పొగ.

బకెట్‌ని ఈసారి
రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకున్నాను.