గీత

న్యామిరా కొండల్లో, తేయాకు తోటలకి పైన,
మధ్యాహ్నం దాటితే వాన పడే ఊళ్లో
ఇరవై తొమ్మిదేళ్లుగా పురుళ్ల గదిలో రాత్రి డ్యూటీ నాది.
పేరు బొసిబోరి.
నెత్తురు ఎంత పోయిందో నా కన్ను చెప్పేది.
తడిసిన గుడ్డ బరువు, నేల మీద మరక వెడల్పు,
నడుస్తుంటే చెప్పు అడుగున జిగట.
చూసి, రిజిస్టరులో రాసేదాన్ని: రెండువందల యాభై.
పొట్టి తల్లికి రెండువందల యాభై, కవలల తల్లికి రెండువందల యాభై.
అందరికీ ఒకే అంకె ఎలా వస్తుందని
ఏ ఆడిటరూ అడగలేదు,
నేనూ అడగలేదు.

ఓంవెంగా అని ఒక కుర్రాడొచ్చాడు, పరిశోధన వాళ్ల తరపున.
బూట్ల నిండా ఎర్రమట్టి, చంకలో ప్లాస్టిక్ సంచుల పెట్టె.
తల్లి నడుము కింద పరిస్తే మంచం అంచున వేలాడుతుంది,
దాని మీద గీతలు, అంకెలు.
"పాలు కొలిచినట్టు కొలవాలా?" అన్నాను.
నర్సులు నవ్వారు. వాడూ నవ్వాడు.
నవ్వుతూనే బీట్‌రూట్ నీళ్లు తెచ్చి పాత దుప్పటి మీద ఒంపి
"ఎంత?" అన్నాడు.
మూడువందలు, అన్నాను, కాలు కదపకుండా.
ఖాళీ జగ్గు తిప్పి చూపించాడు.
ఏడువందలు.

ఆ రాత్రి ఇంట్లో పొయ్యి ఆరిపోయినా లేవలేదు.
ఎప్పటిదో క్వాంబోకా గుర్తొచ్చింది. మూడో కాన్పు.
టీ అడిగింది. చక్కెర ఎక్కువ వెయ్యమంది.
తర్వాత ఆవలించింది,
మళ్లీ ఆవలించింది,
నిద్ర పట్టిందేమో పాపం అని దీపం తగ్గించాను.
ఆ పేజీలో నా దస్తూరీ చాలా అందంగా ఉంటుంది.
రెండువందల యాభై.

సంచులు ఉన్నన్నాళ్లు వాడాం.
పరిశోధన ముగిసింది, జీపు దిగిపోయింది, పెట్టె అడుగు కనపడింది.
కౌంటీ ఆఫీసు నుంచి కొత్త నియమావళి వచ్చింది,
ప్లాస్టిక్ తొడుగేసిన నాలుగు పేజీలు.
తలుపు వెనక మేకుకి తగిలించాం,
దాని మీద క్యాలెండరు తగిలించాం.
సంచుల కోసం రాస్తే జవాబొచ్చింది: వచ్చే త్రైమాసికంలో.
త్రైమాసికాలు వస్తూనే ఉన్నాయి.

ఒక మంగళవారం, కాన్పులు లేని రాత్రి,
ల్యాబ్ నుంచి కొలత జగ్గు అరువు తెచ్చి
స్టీలు బేసినులో నీళ్లు పోశాను. మూడువందలు. ఆపి, గుర్తు.
ఐదువందలు. ఆపి, గుర్తు.
గీత గియ్యడానికి ఏదీ అంటలేదు, సుద్ద కరిగింది, పెన్ను జారింది.
కొత్త పిల్ల మోరా హ్యాండ్‌బ్యాగులోంచి గోళ్ల రంగు తీసింది,
ముదురు ఊదా.
రబ్బరు షీటు అంచులు పైకి మడిచి కాలువలా చేశాం,
కింద బేసిను పెట్టాం.
దీన్ని ఎవరూ కాగితంలో రాయరు. ఇది వంటింటి పని.

వర్షాల నెల. తెల్లవారుజాము మూడు.
"సిస్టర్, కింది గీత తాకింది, నాడి పరుగెడుతోంది."
వంగి చూశాను.
పాడు కన్ను, దానికి ఇన్నేళ్ల పొగరు,
ఏం లేదులే, రెండువందల యాభై, అంది.
చెయ్యి వినలేదు.
చెయ్యి అప్పటికే కడుపు మీదుంది, గట్టిగా మర్దిస్తోంది,
మోరా సూది ఇచ్చింది, డ్రిప్ ఎక్కింది,
ఎవరో డాక్టరు క్వార్టర్స్‌కి వానలో పరుగెత్తారు.
పైగీత దాటి, ఇంకా కాస్త పైకి వచ్చి,
ఆగింది.

పొద్దున ఆ తల్లి గంజి చల్లారిపోయిందని
అందరి మీదా అరిచింది.
అంత కమ్మని తిట్లు నేను ఎన్నడూ వినలేదు.
రిజిస్టరు తెరిచాను. ఐదువందల ఎనభై.
రాయడానికి చెయ్యి కొత్తపడింది,
ఎనిమిది వంకరగా వచ్చింది.

రోజుకి నాలుగుసార్లు క్లోరిన్‌తో తోముతాం కదా,
ఊదా రంగు పెచ్చులూడుతోంది.
రేపటినుంచి పగటి డ్యూటీకి ఎవరో కొత్తవాళ్లట,
వాళ్లకి నా కన్ను గురించి ఎవరైనా గొప్పగా చెప్పే లోపు
మోరా, ఆ సీసా ఇటివ్వు.
జగ్గు కూడా.