అక్షరానికి నలభై

రాయి చెక్కే నాయనా, మిషను రవ్వంత ఆపు.
నా మాట నాకే ఇనపడేట్టు లేదు.

అక్షరానికి నలభై అన్నావే,
ఒత్తుకు వేరే లెక్కా, దాంట్లోనే వస్తాదా?
నాకు చదువు రాదు. మనవరాలు వేళ్ళు మడిచి చెప్పింది:
ఫిలేమోను, నాలుగు.
ప్రభువునందు నిద్రించెను, తొమ్మిది.
ఆ తొమ్మిదీ వద్దు.
దుడ్లు లేక కాదులే, రొండు మేకలు అమ్మినా.

ఆయప్ప రాత్రుళ్ళు నిద్రపొయ్యిన మనిషి కాదు.
ముప్పై ఒక్క ఏడు
బంగారుపాళ్యెం రోడ్డులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ
గోడకు ఈపు ఆనించకుండా కూచున్నోడు.
బెంగుళూర కాయల లారీలు మైలు పొడుగున నిలబడే జూన్ నెల్లో
పొద్దన్నే వచ్చి కాకీ చొక్కా ఇప్పితే
ఇల్లంతా పులిసిన వాసన.
పగులు పడుకుంటే
కోడిని గూడా వాకిట్లో అరవనిచ్చేదాన్ని కాదు.

పూడ్చింది గూడా పగులే, మూడు గంటలకు,
ఆయప్ప నిద్రేళకే.
గుడి గంట ఒక్కో దెబ్బా ఆగి ఆగి కొడతా ఉంటే
నోటి దాకా వచ్చింది,
మెల్లిగా కొట్టండ్రా, మనిషి పడుకోనుండాడు అని.

ఆడబిడ్డ నా చేతి గాజుల కోసం వచ్చింది.
అయ్యగారు అడ్డం నిలబడినాడు: మనకది లేదమ్మా,
నిరీక్షణ ఉండేవాళ్ళం, ఏడవగూడదు.
గాజులు నిలిచినాయి.
ఏడుపు నిలవలేదు.

పెట్టెలో ఏమీ పెట్టగూడదన్నారు గదా,
మేకులు కొట్టక ముందర
తెల్లగుడ్డ సర్దినట్టు సర్ది
టార్చిలైటు లోపలికి తోసినా. కొత్త బ్యాటరీలేసి.
దేవునికి తెలుసు. అయ్యగారికి చెప్పబాక.

కాళ్ళు తూర్పుకు పెట్టి దించినారు.
ఎందుకయ్యా అంటే, కడబూర మోగేతలికి
లేచి నిలబడితే ఎదురుగా ప్రభువు కనపడాలంట.
మన్ను పిడికిట్లో ఉండంగానే నాకు గ్యాపకమొచ్చింది,
ఆ ఫ్యాక్టరీ గేటు గూడా తూర్పే.
తెల్లారితేనే డ్యూటీ దిగేది.

అందుకని, పేరు కింద ఇట్ట చెక్కు:
కాపలా ఉండాడు.
ఆరే గదా? మిగిలిన నూటిరవై
సమాధుల పండక్కి సున్నానికీ, కొవ్వొత్తులకూ.

పక్కన జాగా వదులు నాయనా,
నా పేరు పొడుగు, ముందే చెప్తాండా.
తలుపు గడియ పెట్టకుండా
అన్నేండ్లు సగం నిద్రే పొయ్యినదాన్ని.
నాకు మాత్రం
ఆ తొమ్మిదీ చెక్కు,
ఒత్తుతో సహా.