పె

మా లెక్కల పుస్తకంలో
పొడుగు మాటలు రాయను నేను.
ఐసుకి ఐ, అద్దెకి అ,
సుగుణక్క చీటీపాటకి చీ.
పె అంటే పెసరపప్పు,
నిరుడు దాకా.

ఇప్పుడు వారంలో ఆరు రోజులూ పె.
మా చిన్నది వేలు పెట్టి చదువుతా అడిగింది:
"ఇన్ని పెసలు ఎవురు తిన్నారమ్మా?"
వాకిట్లో టీవీఎస్ బండిని చూపించా.
అది ఏమీ ఎరగనట్టు
సైడు స్టాండు మీద ఒరిగి నిలబడుంది.

పాకల ఒడ్డున చీకటి వేలంలో
తట్ట పాడుకునే మనిషి మా ఆయన.
సింగరాయకొండ, కందుకూరు, పొన్నలూరు,
ఆ పైన పొగాకు చేల మధ్య గంగిరేగిపాలెం.
ఐసు కరిగేలోగా పోవాలి,
ఎండ ముదిరేలోగా తిరుక్కోవాలి.

"జీరో చూసుకో అన్నా" అంటాడు బంకు కుర్రోడు.
రూపాయల గడి కుక్క తరిమినట్టు ఉరుకుద్ది.
లీటరు గడి
మోకాళ్ళ నొప్పుల మనిషి మెట్లెక్కినట్టు.
"వందకి చాలు" అంటాడు ఈయన,
గొట్టం చివర వేలాడే చుక్క రాలిందాకా
మూత పెట్టనియ్యడు.

రైలు వంతెన దిగేప్పుడు ఇంజను ఆపేస్తాడంట.
బండి, ఐసుపెట్టె, ఆయన
చప్పుడు లేకుండా జారతారంట.
"గాలి మాత్రం ఇంకా ఊరకనే వస్తంది" అని నవ్వుతాడు.
నాకు నవ్వు రాదు. వెనక లారీ ఉంటే?
బ్రేకు లైటు పోయి మూడు నెలలు.
బ్రే అని రాసి
కొట్టేశా.

ఇళ్ళ కాడ ఆడోళ్ళు ఆయన్ని నిలదీస్తారు:
"వంజరం మీద ఇరవై ఎక్కించావేంది?
సముద్రంలో కూడా పెట్రోలు పోస్తారా?"
పోస్తారమ్మా, పడవలో పోస్తారు,
అది డీజిలు, దాని కథ వేరే.
అంతా విడమరిచి చెప్పి
పది తగ్గించి వస్తాడు.

మా ఇంట్లో పెరిగింది పెట్రోలు.
పలచబడింది పెరుగు.
ఏది ఏదో తెలీదు పుస్తకంలో,
రెంటికీ అదే పె.

పోయిన నెల దీపం కింద కూచుని
ఊళ్ళు తగ్గించాం.
నూనె తగ్గించాం, సబ్బు తగ్గించాం,
ఇంక తగ్గించడానికి ఊళ్ళే మిగిలాయి.
ముందు గీత పడింది గంగిరేగిపాలెం మీద:
పోను రాను ఇరవై నాలుగు కిలోమీటర్లు,
అమ్ముడయ్యేది కిలోన్నర నెత్తళ్ళు,
కొనేది ఒక్క మాలకొండమ్మ,
బ్యారను కాడ కూలోళ్ళకి వండే మనిషి.
నేనే గీశా.
పిల్లదాని స్కేలు పెట్టి గీశా.

మొదటి శనివారం ఫోను:
"బండి చెడిందా నాయనా?"
చెడిందన్నాడు.
రెండో శనివారం: "ఇంకా బాగుపడలా?"
లేదన్నాడు, బండి మీదే కూచుని.
మూడో శనివారం ఆమె గొంతులో సంబరం:
"మా బ్యారనాయన మెకానిక్కుని పంపిస్తానన్నాడు,
బండి యాడుందో చెప్పు."

ఆ పొద్దు ఆయన ఇంటికి రావడం బాగా ఆలస్యం.
నేను అడగలా.
ఐసుపెట్టెలో ఒక కవరు వంకాయలు,
చేప వాసన మీద పొగాకు వాసన.
ట్యాంకు మూత తీసి, బండిని అటూ ఇటూ ఊపి
చెవి పెట్టి విన్నాడు.
ఏమీ వినపడలేదనుకుంటా,
మూత బిగించి
కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

పుస్తకం తెరిచా.
పె, వంద.
ఎందుకో రాయలా.
పై పేజీలో గీత కింద ఊరి పేరు
ఇంకా చదవడానికి వస్తానే ఉంది.
స్కేలు పెట్టి గీసినా అంతే.

"పె అంటే పెరుగా అమ్మా?"
కంచం ముందు కూచుని అడిగింది చిన్నది.
"ఊ, పెరుగే" అన్నా.
గిన్నె వంచితే
మజ్జిగ పడింది.