తరుగు

గురువారం. అక్టోబరు మూడోవారం.
దక్షిణ డకోటాలో గడ్డి అప్పటికే
గోనెసంచి రంగుకి వచ్చేసింది.
నేను కాటా గదిలో కూర్చుంటాను.
అద్దానికి అవతల ఇనప తలుపు,
తలుపు వెనక నేలే ఒక తక్కెడ.
దూడలు గుంపుగా ఎక్కుతాయి,
అంకె కాసేపు వణికి నిలబడుతుంది,
నేను మీట నొక్కుతాను.
అంతే నా ఉద్యోగం.

మా భాషలో వేలాన్ని పాట అంటారని
ఒకసారి డ్వేన్‌కి చెప్పాను.
మైకు పట్టుకుని ఊపిరి తియ్యకుండా
ధర మీద ధర దొర్లించే మనిషి,
టోపీ వెనక్కి నెట్టి చాలాసేపు నవ్వాడు.
"మరి పాడేది నేనా, కొనేవాళ్ళా?"
కొనేవాళ్ళే, అన్నాను.
వాళ్ళేమో నోరే విప్పరు.
ఒకడు కనుబొమ్మ ఎగరేస్తాడు,
ఒకడు పెన్సిలు కదిలిస్తాడు.
మా తాత కాలంలో పశువుల సంతలో
తువ్వాలు కింద వేళ్ళు నొక్కి బేరమాడేవారట.
ఇక్కడ తువ్వాలు లేదు,
గుట్టు మాత్రం అదే.

ఆర్డిస్ ట్వైట్ దూడలు నిన్న రాత్రే దిగాయి,
అరవై ఒకటి.
తల్లుల్ని విడిచిన తొలి రాత్రి.
దొడ్లో తెల్లవార్లూ అరిచాయి,
నీళ్ళు ముట్టలేదు, మేత తొక్కేశాయి.
పొద్దున తూస్తే తలకి
ఇరవై పౌండ్లు తక్కువ.
తరుగు అంటారు దీన్ని,
ధాన్యం కొట్లోనూ, బంగారం కొట్లోనూ,
ఇక్కడానూ.
గొంతులోంచి పోయిన బరువుకి
ఎవరూ డబ్బివ్వరు.

అరవై, ఒకే ఈడువి, ఒకే నలుపు,
బరిలోకి విడతలు విడతలుగా వచ్చి
కాఫీ చల్లారేలోగా అమ్ముడైపోయాయి.
అరవై ఒకటోది విడిగా.
దానికి చెవులు సగమే.
ఏప్రిల్ మంచుతుఫానులో పుట్టింది,
కొసలు గడ్డకట్టి రాలిపోయాయి.
తిండికి లోటు లేదు, నడకకి లోటు లేదు,
పక్కదానికంటే పది పౌండ్లు ఎక్కువే.
అయినా జత కుదరనిదానికి
జత ధర రాదు.
ఒంటరిగా బరి చుట్టూ తిరిగింది,
రంపపు పొట్టు వాసన చూసింది,
మెట్లమీది జనంకేసి తలెత్తి
ఒక్కసారే అరిచింది.
పౌండుకి నలభై సెంట్లు కోత.
నూట పద్నాలుగో నంబరు. పోయింది.

చెక్కు కోసం కిటికీ దగ్గరకొచ్చింది ఆర్డిస్.
డెబ్బై దాటిన మనిషి, చేతి తొడుగులు తియ్యలేదు.
మొత్తం చూడలేదు, కమీషను చూడలేదు.
"పొట్టిచెవులోడు ఎంత తూగాడు?"
ఐదు వందల డెబ్బై, అన్నాను.
"మా స్నానాల తొట్టిలో వేణ్ణీళ్ళు పోసిన రోజు
డెబ్బై కూడా లేడు."
సగం నాతో అంది, సగం చెక్కుతో.
"ఎవరు కొన్నారు?"
నంబరు తెలుసు. అయోవాలో మేపే దొడ్డి అనీ తెలుసు.
ఆ తర్వాతది ఆమెకీ తెలుసు,
నలభై ఏళ్ళుగా తెలుసు.
"మొక్కజొన్న బాగా పెడతారు," అన్నాను.
"పెడతారు," అంది.
చెక్కుని నాలుగు మడతలు చేసి చొక్కా జేబులో దోపుకుని,
"ఇంక మూడు రాత్రులు నిద్రుండదు,
ఆవులు కంచె వదలవు" అంటూ
బ్యాంకు మూసేలోగా చేరాలని వెళ్ళిపోయింది.

సాయంత్రం చివరి మంద దిగాక
కాటా ఖాళీ.
అయినా అంకె సున్నాకి రాదు.
ఇరవై పౌండ్లు చూపిస్తోంది:
పేడ, బురద, కాస్త పొట్టు.
పార తీసుకుని కిందికి దిగాను.