ఎరువు చెవులు

ఒకాయాలో, సువా సరస్సు ఒడ్డున,
పట్టు మిల్లులు మూతబడ్డాక మిగిలిన వీధిలో
హనఓకా తోకియే గారి కెమెరా రిపేరు కొట్టు.
డెబ్భై తొమ్మిదేళ్లు. చేతులు వణకవు.
చెవులే, సన్న శబ్దాల మటుకు, ఎప్పుడో కొట్టు కట్టేశాయి.
అందుకే నన్ను పెట్టుకుంది.
గడియారాల ఫ్యాక్టరీలో పని పోయినవాణ్ణి,
నెలకింత అని నా రెండు చెవులూ ఎరువిచ్చాను.

"ఏమంటోంది?"
మొదటి రోజు చెప్పాను: వింత చప్పుడండీ.
"వింత అని ఏ పళ్లచక్రానికీ పేరు లేదు.
మళ్లీ విను."

స్కూలు బస్సు నడిపే మొమోసే గారి కానన్.
మీట నొక్కితే లోపల కీచుమంది.
ఎలుకపిల్లలా ఉందండీ.
"తోక తొక్కితే అరిచిందా, ఆకలికి అరిచిందా?"
మళ్లీ నొక్కాను.
"అద్దం లేచేటప్పుడా, దిగేటప్పుడా?"
లేచేటప్పుడే. ముందు కీచు, వెనకాల టప్పు.
తుమ్ము రాబోయి, ఆగి, మనం మరిచాక వచ్చినట్టు.
"అదీ. గొంతెండింది దానికి."
పొడుగాటి సూది మొనకి
ఆవగింజలో సగం నూనె తగిలించి
అద్దం పక్క చక్రం మీద వదిలింది.
రెండు చుక్కలైతే?
"రెండోది పరదా మీదికి పాకుతుంది.
అప్పుడు మొమోసే నా మీదికి వస్తాడు."

ఆ చలికాలమంతా మాటలు పోగేశాను.
గరగర అంటే ఇసుక, ఎవరిదో సముద్రపు సెలవు.
లొడలొడ అంటే మర ఒకటి ఊడి
ఇంకో గదికి కాపురం మార్చింది.
ఒక సెకను మీద పెడితే జుర్రుమంటూ సాగాలి,
సగంలో కునుకు తీస్తే పాత గ్రీజు బంకైంది.
కొన్నింటికి మాట దొరకలేదు.
వాటిని నోటితో చేసి చూపేవాణ్ణి.
ఆవిడ నా పెదాలకేసి చూసేది,
ఒక్కోసారి పగలబడి నవ్వేది,
రోగం మాత్రం పట్టేసేది.

సరస్సు ఈ ఏడూ గట్టిపడలేదు.
మంచు పలక చీలే ఉరుము కోసం
గుడివాళ్లు చీకటితో వచ్చి ఒడ్డున నిలబడ్డారు,
నీళ్ల చలిని కొలుచుకుని
ఉత్త చెవులతో వెళ్లిపోయారు.

ఆ వారమే నగానో నుంచి ఒకావిడ యాషికా తెచ్చింది.
తిప్పాను, నొక్కాను, విన్నాను.
ఏ తేడా లేదండీ, వెన్నలా ఉంది.
ఫొటోలన్నీ తెల్లబోతున్నాయట, అంతే.

తోకియే గారు అరచెయ్యి చాచింది.
కెమెరా వీపుని దవడ ఎముకకు ఆనించి
కళ్లు మూసుకుని మీట తిప్పింది.
"ఇక్కడొక టక్కు ఉండాలి."
ఎక్కడండీ?
"తిప్పడం అయిపోగానే. తలుపు వేసినట్టు.
నువ్వు ఉన్న చప్పుళ్లే వింటున్నావు."

పైమూత విప్పాను.
పెసరబద్దంత రబ్బరు ఉండాల్సిన చోట నల్లటి తారు.
వేలికంటితే వదలదు.
"అరవై ఎనిమిదిలో
మా లైనులో రోజుకి నాలుగువందలు అంటించేదాన్ని,
చివరి వందా సగం నిద్రలో.
జిగురు ఎక్కువ పెడతావని ఫోర్‌మన్ తిట్టేవాడు."
వంగి చూశాను.
జిగురు ఎక్కువే ఉంది.
ఇద్దరం కాసేపు ఏమీ అనలేదు.

కొత్త ముక్క కోసి, అంటించి, నాకిచ్చింది.
తిప్పాను.
టక్.
నేను విన్నాను. ఆవిడకి బల్ల మీది మోచేతిలో తెలిసింది.
"గట్టిగానే ఉందా?"
ఉందండీ, పక్క గదిలో ఎవరో
ఇంటికొచ్చి తలుపు వేసుకున్నంత.

బిల్లు రాస్తుంటే నా చెయ్యి పట్టుకుని
రబ్బరు ఖరీదు కొట్టేయించింది.
"దాని కూలి అప్పుడే పుచ్చుకున్నాను."