ఒక ఖాళీ, దాని పొరుగు

గుల్జార్ హౌజ్ వెనక సందులో మీ దుకాణం, వాజిద్ సాబ్.
ఇంటర్ సెలవుల్లో రెండు నెలలు అక్కడే రాళ్లు ఏరాను.
కంటికి భూతద్దం ఇరికించి
మచ్చల పేర్లు చెప్పించేవారు:
కాకిపాదం, గీత, చుక్క, పొగ.
"దాగ్ కనబడితే సగం ధర, బేటీ.
కనబడకపోతే ఇంకోసారి చూడు."

ఇంకోసారి చూస్తూనే ఉన్నాను.
గచ్చిబౌలిలో, కిటికీ లేని గదిలో,
వెంట్రుకను నాలుగొందల పోగులు చీలిస్తే
ఒక పోగంత వజ్రం.
దాని పొడుగునా వరసగా రంధ్రాలు.
మా యాదగిరి దాన్ని బొక్కల పట్టె అంటాడు.
"ఇంత ఖర్చు పెట్టి బొక్కలేందమ్మా?"

వరస మధ్యలో ఎక్కడో
ఒక కార్బన్ ఉండాల్సిన చోట లేదు.
పక్కింట్లో నైట్రోజన్ దిగింది.
ఆ ఖాళీ, ఆ పొరుగు కలిసి ఒక మచ్చ.
ఆకుపచ్చ లేజరు తట్టి లేపితే
ఎర్రగా పలుకుతుంది,
ఒక్కో గింజగా.

నూరు గింజల్లో మూడే అసలు ఎరుపు.
తక్కినవి చుట్టూ ఉన్న అణువుల వణుకుకి
సుంకం కట్టి, రంగు చెడి వస్తాయి.
ఆ మూడింటిని పెంచడానికే యాదగిరీ, బొక్కలు.

గోల్కొండలో ఫతే దర్వాజా కింద
గైడు చప్పట్లు కొడితే కొండ మీద వినబడుతుంది.
రెండడుగులు జరిగి కొట్టండి,
చేతులు నొప్పి, అంతే.
ఏడు నెలలుగా నావి ఆ రెండడుగులు.

పగలు నానక్‌రామ్‌గూడలో బండలు పేలుస్తారు.
టీ కప్పులో వలయాలు,
టేబుల్ మీద అద్దాలన్నీ అలుగుతాయి.
అందుకని రాత్రి.
ఎముకలు విరిగే చలిపెట్టెలోకి
ఒక్కో గుక్క వాయువు వదులుతాను.
అది పట్టె మీద మంచులా పేరుకుంటుంది,
శ్రుతి ఎరుపు వైపు జారుతుంది:
ఆరువందల ముప్పై ఐదు పాయింట్ తొమ్మిది,
ముప్పై ఆరు పాయింట్ రెండు,
ఆగింది,
మళ్లీ కదిలింది.

మూడుంబావుకి రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి.
లెక్కింపు పెట్టె గుక్క తిప్పుకోలేదు.
మచ్చ మేలుకుని ఉండే కాలం
సగానికి తగ్గింది.
బతుకు పొట్టిదై మాట తేటపడటం
నేను చూసింది అదొక్కసారే.
పదకొండు నిమిషాలు.
ఆత్రంగా ఇంకో గుక్క వదిలాను,
దాటిపోయింది.

శుక్రవారం విరిగిన ముక్కొకటి మీకు తెచ్చాను.
చాలాసేపు చూశారు.
"ఇందులో ఏం లేదు, బేటీ."
అవును సాబ్, ఒక అణువంత ఏం లేదు.

మీరు నవ్వలేదు.
వజ్రాలు చుట్టే నీలం కాగితం తీసి
అయిదు మడతలు వేసి
బరువు రాసే చోట ఉర్దూలో ఏదో గీశారు.
నాకు ఉర్దూ చదవడం రాదు.
అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి, మెహదీపట్నం దాకా
దాన్నే చూస్తూ కూచున్నాను.
ఎవర్నీ అడగలేదు.