నీళ్లు పట్టడం

బైరాగిపట్టెడ సందులో, మందుల షాపు పైన
రెండో అంతస్తులో నా కుర్చీ.
చెంగల్రాయుడు మేస్త్రీ మెట్లెక్కి వచ్చేటప్పటికి
ఎడమ దవడ పట్టుకొని ఉన్నాడు,
చొక్కా జేబులో రసమట్టం.

"మూడు రాత్రుళ్లయింది మేడమ్,
దిండు మీద తల ఆనించలేకుండా ఉండా.
పెరికేయి, పీడా పోతాది."

ఎక్స్‌రేలో వేరు కొన కింద
రేగిపండంత నలుపు.
ఎముక ఉండాల్సిన చోట ఎవరూ లేరు.

పెరకను, అన్నాను.

మూడు కాలువలనుకుంటే నాలుగు.
పందొమ్మిదిన్నర మిల్లీమీటర్ల లోతుకి
వెంట్రుక కంటే కాస్త లావు సూది.
కరెంటు రెండుసార్లు పోయింది.
చచ్చిన నరం వాసన
మాస్కుకు కూడా గుర్తుండిపోతుంది.

నాకు పని నేర్పిన సారు చేతులు
ఎప్పుడూ లవంగనూనె వాసన వేసేవి.
ఆయన కాలపు లప్పం
వేరులో కదలకుండా కూర్చునేది, అంతే.
తలుపు మూసి తాళం వేసి
తాళంచెవి బావిలో పారేసినట్టు.
"చుక్క తడి మిగిలినా చెడుతుందమ్మా" అనేవారు.
కాగితపు పుల్లలు ఒకటి తర్వాత ఒకటి దించి
పొడిగా బయటికొచ్చేదాకా లెక్కపెట్టేదాన్ని.
ఇరవై ఏళ్లు అలాగే ఎండబెట్టాను.

ఈ కొత్త సీలరు వేరే జాతి.
చిన్న సిరంజిలో తెల్లగా, వెన్నలా ఉంటుంది.
దీనికి తడి కావాలి.
వేరు గోడల సన్నటి గొట్టాల్లో దాగిన నీటిని
తాగి గట్టిపడుతుంది,
గట్టిపడుతూ సున్నం వదులుతుంది.
ఆ ఘాటుకి మిగిలిన క్రిములు నిలవలేవు.
ఆ సున్నమే ఒంట్లోని భాస్వరాన్ని కలుసుకొని
పన్ను దేనితో పుట్టిందో
ఆ రాయినే పలుకు పలుకుగా
మళ్లీ పేర్చడం మొదలుపెడుతుంది.

ఇదంతా ఆయనకెందుకు చెప్పానో.
నోరు తెరిచి ఉన్నవాడు
ఎదురు చెప్పలేడు కదా, ఆ ధైర్యం కావచ్చు.

రబ్బరు గుడ్డ తీయగానే
మొద్దుబారిన పెదవితో అన్నాడు:
"అయితే మా సిమెంటుకి తమ్ముడే మేడమ్ ఇది.
ఎండకి వొదిలేస్తే గోడ నెర్రెలిస్తాది.
ఏడు దినాలు పొద్దన, మాపున నీళ్లు పట్టాల,
గోనెపట్టలు కప్పాల.
కొత్త కూలోళ్లు ఆరిందా ఆరిందా అని అడగతా ఉంటారు.
సిమెంటు ఆరేది కాదు మేడమ్,
తాగేది."

రెండు సదస్సుల్లో, ఏసీ హాళ్లలో,
నోట్సు రాసుకుంటూ కూడా నాకు ఎక్కనిది.

ఆఖరి ఎక్స్‌రే తీశాను.
వేరు కొన దాటి ఆవగింజంత తెల్లచుక్క.
నా బొటనవేలు వెంట్రుకవాసి ఎక్కువ నొక్కింది.
చెప్పకపోతే ఆయనకు తెలియదు.
కాసేపు చేతులు కడుక్కుంటూ ఉండిపోయి
తర్వాత చెప్పాను.
"నొప్పి చేస్తాదా?"
"చేయకపోవచ్చు."
"చేయకపోతే సరే."

ఎనిమిది నెలలకు మళ్లీ వచ్చాడు,
పేరూరు దగ్గర కాంపౌండు గోడ పని ముగించి,
మిగిలిన కంతు డబ్బు పేపర్లో చుట్టుకొని.
దీపం పెట్టెకు ఆనించి
పాత ఎక్స్‌రే పక్కన కొత్తది చూపించాను.
నలుపు బూడిదరంగైంది.
నూలుపోగుల్లాంటి గీతలతో
ఎముక తిరిగొస్తోంది.
తెల్లచుక్కను పక్కకు నెట్టలేదు,
దాని చుట్టూ అల్లుకొస్తోంది.

ఆయన దగ్గరగా వంగి
చాలాసేపు ఆ చుక్కనే చూశాడు.
"పూత వేసేటప్పుడు ఒకోసారి
లోగోడ మీద వేలిముద్ర పడిపోతాది మేడమ్.
ఇంటాయన కంటికి ఆనదు.
నేనూ చెరపను."

రసీదు రాస్తూ అంకె తప్పు వేశాను,
కొట్టేసి మళ్లీ రాశాను.

కిటికీలోంచి చూస్తే
కింద బండి దగ్గర వేయించిన శెనక్కాయలు కొంటున్నాడు.
ఒకటి నోట్లో వేసుకున్నాడు.
ఏ వైపు నమిలాడో పైనుంచి కనబడలేదు.
చెయ్యి మాత్రం రెండోసారి
పొట్లంలోకి వెళ్లింది.